స్పర్శ లేని మచ్చ



మా చిత్తూరు వైపు ఎవరైనా "రాయవేలూరుకు తీసుకుపొమ్మన్నారు" అంటే, ఎందుకని ఎవరూ ఎదురు అడగరు. ఆ ఊళ్లో పెద్ద కోట ఉంది, కోటలో గుడి ఉంది. అయినా మా వాళ్ల నోట ఆ పేరుకు ఆస్పత్రి అనే అర్థం. కోస్తాలోని ఏలూరుతో కలిసిపోకుండా తమిళనాట ఉన్న ఆ వేలూరుకు ముందు ఓ 'రాయ' తగిలించి పిలుచుకుంటాం. అక్కడికి పోవడానికి కాట్పాడి స్టేషన్లో దిగే జనంలో ఆస్పత్రికి వచ్చిందెవరో సామాను చూసి చెప్పేయొచ్చు. దుప్పటి, చెంబు, ఫ్లాస్కు, పాత ఎక్స్‌రేలు పెట్టుకున్న పొడుగాటి సంచీ.

మా చిన్నాయన చింతచెట్టు మీది నుంచి పడిన రోజున కూడా ఆ మాటే వినబడింది. చింతకాయ దులిపే కాలం. కొమ్మ విరగలేదు, కాలు జారింది. కింద పడ్డ మనిషి మోచేతుల మీద లేవబోయి, "నా కాళ్లు యాడుండాయిరా?" అని అడిగాడు. కాళ్లు అక్కడే ఉన్నాయి, మట్టి కొట్టుకుని, ఒకదాని మీద ఒకటి పడి. ఆయనకు తెలియలేదు, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు కంగారులో చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెట్టారు. అట్లా చేయకూడదట. వెన్నుకు దెబ్బ తగిలిన మనిషిని వంచకుండా, నలుగురు పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టి మోయాలని మాకు తరవాత చెప్పారు. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

వారం తిరక్కుండా ఆస్పత్రిలో పలకరింపులు మొదలయ్యాయి. మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. కాబట్టి వచ్చినవాళ్లలో చాలామంది చేతిలో బైబిలు ఉండేది. మంచివాళ్లే. పళ్లు తెచ్చేవాళ్లు, కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. ప్రార్థన అయ్యాక ఒకాయన మెల్లగా మంచం మీదికి వంగి, "మనసులో ఏదైనా దాచిపెట్టుకుని ఉంటే ఒప్పేసుకో తమ్ముడూ" అన్నాడు. ఇంకొకావిడ, విశ్వాసం ఆవగింజంత ఉన్నా చాలునని గుర్తుచేసింది. అంటే ఈయనకు ఆ ఆవగింజంత కూడా లేదని. వాళ్లు వెళ్లిపోయాక చిన్నాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిరిగేవాడు అనకూడదు, ఎవరైనా తిప్పితే తిరిగేవాడు. ఒళ్లు పుండు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి. రాత్రిపూట ఆ వంతు నాదీ, మా నాన్నదీ.

యోబు స్నేహితుల్ని మనం ఊరికే ఆడిపోసుకుంటాం. ఆస్తీ బిడ్డలూ ఆరోగ్యమూ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి వాళ్లు ముగ్గురూ వచ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు వాళ్లంత చక్కని పలకరింపు లోకంలో లేదు. నోరు తెరిచాకే చెడింది. యోహాను సువార్తలోనూ అంతే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది ఇతనా, కన్నవాళ్లా అని అడిగింది యేసు శిష్యులే. ఇద్దరూ కాదన్నాడు ఆయన. ఆ జవాబు చెప్పి రెండువేల ఏళ్లయింది. ఇంకా మన ఆస్పత్రి వార్డుల దాకా రాలేదు.

ఆస్పత్రి నుంచి చిన్నాయనను వేలూరు పక్కనే ఉన్న బాగాయం అనే చోటికి మార్చారు. నడుము విరిగినవాళ్లకు, మెడ విరిగినవాళ్లకు మళ్లీ బతకడం నేర్పే చోటు అది. బతకడం అంటే నిజంగానే బతకడం. మంచం మీంచి కుర్చీలోకి జరగడం, పాయిఖానాకు పోవడం, ప్యాంటు తొడుక్కోవడం. ముప్పై ఏళ్ల మగవాడు ప్యాంటు తొడుక్కోవడానికి ముప్పావు గంట తీసుకుని, ఆఖరి గుండీ పెట్టుకుని, చెమట తుడుచుకుని నవ్వడం నేను చూశాను. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ, చిన్నాయన అన్నం మాని పడుకున్న ఒక మధ్యాహ్నం, తమిళం కలిసిన తెలుగులో అంది: "ఈ చోటు కట్టిన డాక్టరమ్మ కూడా నీ మాదిరే కుర్చీలో కూర్చున్న మనిషే, తెలుసా?"

ఆ డాక్టరమ్మ పేరు మేరీ వర్గీస్.

1925లో కొచ్చి దగ్గర చెరాయి అనే ఊళ్లో, సిరియన్ క్రైస్తవుల ఇంట పుట్టారు. వైద్యం చదవడానికి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. ఆ కాలేజీ ఆడపిల్లల కోసం పుట్టింది. ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు, మగ డాక్టరు చేయి వేయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోక చనిపోతే, అది తెలిసి కదిలిపోయిన ఐడా స్కడ్డర్ అనే అమెరికన్ అమ్మాయి తన దేశం వెళ్లి డాక్టరై తిరిగి వచ్చింది. 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టి, 1918లో ఆడవాళ్లకు వైద్యపాఠశాల తెరిచింది. ఆ వరసలో మేరీ కూడా స్త్రీల వైద్యంలోనే స్థిరపడాలనుకున్నారు.

1954 జనవరిలో తోటి డాక్టర్లతో కలిసి సరదాగా విహారానికి వెళ్తుండగా వాళ్ల బండి బోల్తాపడింది. మేరీ ముఖం చీలిపోయింది. వెన్ను దెబ్బతింది. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. ఇక నడవడం ఉండదు. మామూలు రోగికైతే "చూద్దాం, దేవుడున్నాడు" అని ఓ మాట చెప్పి తప్పించుకోవచ్చు. డాక్టరుకు డాక్టరు అబద్ధం చెప్పడం కష్టం.

ఆమె కూడా మొదట కోరుకున్నది కాళ్లనే. ఎవరైనా అదే కోరతారు. ఈ భాగాన్ని కథలు చెప్పేవాళ్లు తొందరగా దాటేస్తారు. పడింది, ప్రార్థించింది, లేచింది అన్నట్టు మూడు ముక్కల్లో తేలుస్తారు. మధ్యలో ఎన్ని నెలలు, ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని రాత్రులు. ఒక మనిషి అన్ని నెలలు వెల్లకిలా పడుకుంటే పైకప్పు మీద ఎన్ని పగుళ్లున్నాయో లెక్క తెలిసిపోతుంది. చిన్నాయన చెప్పేవాడు, బాగాయంలో తన మంచం పైన పదకొండు అని.

మేరీ మంచం దగ్గరికి వచ్చి పని సంగతి ఎత్తిన మనిషి డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాట కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన ఇంగ్లిషాయన. కుష్ఠు వ్యాధితో గద్దగోళ్లలా వంగిపోయిన చేతివేళ్లను, మంచి స్నాయువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి కుట్టి, మళ్లీ తెరుచుకునేట్టు చేసే శస్త్రచికిత్స వేలూరులో ఆయన చేతుల మీదుగా రూపుదిద్దుకుంది. ఆయన మేరీకి గుర్తుచేసింది చాలా చిన్న సంగతి. పొట్ట కోసే సర్జను నిలబడాలి. చేతికి ఆపరేషన్ చేసే సర్జను కూర్చునే చేస్తాడు.

నన్నడిగితే ఈ మొత్తం కథలో దైవవాక్కు లాంటిది ఏదైనా ఉంటే అది ఆ మాటే. ఉరుములు లేవు, మెరుపులు లేవు. కూర్చుని చేసే పని ఒకటుంది, నీకు చేతులున్నాయి. అంతే. విశ్వాసం అంటే గుండె నిండా ఉప్పొంగే ధైర్యం అనుకుంటాం. అది ముందు వస్తే దాని వెనకాల పని వస్తుందనుకుంటాం. మేరీ వర్గీస్ విషయంలో పనే ముందు వచ్చినట్టుంది. చక్రాల కుర్చీలో ఆపరేషన్ బల్ల దగ్గరికి జరిగి, కుష్ఠు రోగుల చేతులు బాగుచేయడం నేర్చుకున్నారు. నడుము నిలవని మనిషి గంటల తరబడి కూర్చుని కత్తి పట్టడం మాటలు కాదు. ధైర్యం ఎక్కడి నుంచో దిగి వచ్చే దాకా ఆమె ఆగలేదు.

ఇక్కడ కుష్ఠు గురించి కాస్త చెప్పాలి. ఆరోగ్య కేంద్రాల గోడల మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉండేది మీరు చూసే ఉంటారు, 'స్పర్శ లేని మచ్చ' అని. గిచ్చినా తెలియని, వేడి తగిలినా తెలియని పాలిపోయిన మచ్చ. ఆ వ్యాధికి అదే మొదటి గుర్తు. వేళ్లు కుళ్లి రాలిపోతాయని జనం నమ్మకం. బ్రాండ్ ఏళ్ల తరబడి గమనించి తేల్చింది వేరు. వేళ్లు వాటంతటవి రాలవు. నరం చచ్చి నొప్పి తెలియక, కాలే గిన్నె పట్టుకుని, గుచ్చుకున్న ముల్లుతోనే నడిచి, మనిషి తనకు తెలియకుండా తానే వాటిని పాడుచేసుకుంటాడు. కొందరికి పొద్దున లేచేసరికి వేలిముక్క మాయమయ్యేది. ఎట్లా పోతోందో తెలియక ఒక రాత్రి కాపు కాశారు. ఎలుక వచ్చి కొరుకుతోంది. నిద్రపోయే మనిషికి నొప్పి లేదు, మెలకువ రాలేదు. ఆ తరవాత ఇంటికి వెళ్లే రోగులకు మందులతో పాటు ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపారట. నవ్వొచ్చే సంగతే, కానీ ఎంత తెలివైన వైద్యం!

మేరీ వర్గీస్ నడుము కింద కూడా అదే కథ. నొప్పి లేదు. పక్కమీద ముడత పడ్డ దుప్పటి ఒత్తుకున్నా తెలియదు, తడి తెలియదు, పుండు పడ్డా తెలియదు. ఆమె ముందు చేయి చాపిన రోగికీ ఆమెకూ ఉన్న జబ్బులు వేరు, లేమి ఒక్కటే. ఇద్దరూ తమ ఒంటిలో ఒక భాగాన్ని కళ్లతో చూసి కాపాడుకోవలసినవాళ్లే. పైగా ఆమె చెంప మీద దెబ్బ తాలూకు లోతైన మచ్చ ఉండిపోయింది. మన మాటల్లో మచ్చ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. పేరుకు మచ్చ, వంశానికి మచ్చ. మచ్చ ఉన్నవాణ్ణి ఊరి బయట పెట్టిన లోకం ఇది. ఆ ఊరి బయటి మనిషి వైద్యానికి వస్తే, ఎదురుగా డాక్టరు ముఖాన మచ్చ, కాళ్ల కింద చక్రాలు. ఆ డాక్టరు "నీ చేయి పనికొస్తుంది" అంటే రోగి నమ్మాడు. నున్నటి ముఖంతో, నిటారుగా నిలబడి అదే మాట ఎవరన్నా అంటే అంతగా నమ్మేవాడని నేననుకోను.

సువార్తలో తోమా సంగతి ఉంది కదా. లేచిన ప్రభువును చూశామని మిగతా శిష్యులంటే, మేకులు దిగిన గుర్తుల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు. మనం ఆయన్ని అవిశ్వాసి తోమా అని వెక్కిరిస్తూ వచ్చాం. నాకు మాత్రం ఆయన అడిగింది సరిగ్గా అడగవలసిందే అనిపిస్తుంది. ఎనిమిది రోజుల తరవాత యేసు వచ్చి చేతులు చూపించాడు. చావును గెలిచి వచ్చినవాడు ఆ గాయాల గుర్తుల్ని ఎందుకు ఉంచుకున్నాడు? సమాధిలోంచి లేవగలిగినవాడికి అరచేతుల్లో రంధ్రాలు పూడ్చుకోవడం ఒక లెక్కా? ఉంచుకున్నాడు. ఆ గుర్తుల వల్లే తోమా ఆయన్ని పోల్చుకున్నాడు. గుణదలలోనో మెదక్ గుళ్లోనో సిలువ ముందు మోకరించే మనిషి ఎవరి ముందు మోకరిస్తున్నాడో ఒక్కసారి తల ఎత్తి చూస్తే ఇది తెలుస్తుంది. ఒంటి మీద దెబ్బ లేని దేవుడి దగ్గరికి కాదు అతను వచ్చింది.

ఇంకొక సంగతి కూడా మన ప్రసంగ వేదికల మీద తక్కువగా వినబడుతుంది. కొత్త నిబంధనలో అన్నిటికన్నా గాఢమైన ప్రార్థనలు రెండు. గెత్సేమనే తోటలో, ఈ గిన్నె నా నుంచి తొలగించమని యేసు వేడుకున్నది ఒకటి. శరీరంలో గుచ్చుకున్న ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు బతిమాలుకున్నది రెండోది. గిన్నె తొలగలేదు, ముల్లు ఊడలేదు. ఆ ఇద్దరికీ విశ్వాసం ఆవగింజంత అయినా లేదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మేరీ వర్గీస్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్లి, తన ఒళ్లును తాను చూసుకోవడం, ఎవరి మీదా ఆధారపడకుండా మసలుకోవడం నేర్చుకున్నారు. అక్కడ చూసినదాంతో ఆమెకు ఒకటి అర్థమైంది. మన దేశంలో వెన్ను విరిగిన మనిషికి ప్రాణం నిలిపే వైద్యం ఉంది కానీ, నిలిపిన ప్రాణంతో ఏం చేసుకోవాలో చెప్పే వైద్యం లేదు. అది నేర్చుకోవడానికి న్యూయార్క్‌లో డాక్టర్ హోవార్డ్ రస్క్ నడిపే సంస్థకు వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు పునరావాసం నేర్పి పేరు తెచ్చుకున్న డాక్టరు ఆయన. ఒక చక్రాల కుర్చీ మనిషి, 1960ల తొలినాళ్లలో, విమానాల్లో సముద్రాలు దాటి, ఆ మంచు ఊళ్లో చదివి, పరీక్షలు నెగ్గి తిరిగి వచ్చింది. మన ఊళ్లలో ఈనాటికీ చాలా ప్రభుత్వ కార్యాలయాల్లోకి చక్రాల కుర్చీ ఎక్కదు.

తిరిగివచ్చి వేలూరులో పునరావాస వైద్య విభాగం బాధ్యత తీసుకున్నారు. 1966లో బాగాయంలో ఆ కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో చనిపోయారు. డోరతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఆమె జీవితం మీద పుస్తకం రాశారు. ఆ పేరును తెలుగులో చెప్పుకుంటే 'నా చేతులు తీసుకో' అవుతుంది. కాళ్ల ఊసు అందులో లేదు, గమనించండి.

మా చిన్నాయన బాగాయంలో ఉన్నది కొన్ని నెలలు. పెద్ద వీరుడై రాలేదు. కోపం అట్లాగే ఉంది, రాత్రిళ్లు నిద్ర పట్టని రోజులు అట్లాగే ఉన్నాయి. కాకపోతే కూర్చున్నచోటే రెండు చేతుల మీద ఒళ్లు పైకెత్తి కాసేపు ఆపి దించడం అలవాటు చేసుకుని వచ్చాడు. కింద ఒత్తిడి తగ్గి పుండు పడకుండా అది. మాటల మధ్యలో, అన్నం మధ్యలో, ప్రార్థన మధ్యలో కూడా లేచేవాడు. కొత్తవాళ్లు చూసి ఏమిటో అని జంకేవాళ్లు. రేడియోలు బాగుచేయడం ముందే కాస్త తెలుసు. అదే పెట్టుకున్నాడు. కూర్చుని చేసే పని. ఈ ప్రసంగం ఆయన బాగుచేసిన ఏ పాత సెట్లోనో ఎక్కడైనా మోగుతోందేమో నాకు తెలియదు, మోగితే సంతోషం.

ఏడాది తరవాత ఒక ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘాల్లో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. మంచం మీద ఉన్నాను, డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేశారు, లేచి తిరుగుతున్నాను. చివరికి చప్పట్లు. బాగుకానివాళ్లకు సాక్ష్యం ఉండదు. వాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని చప్పట్లు కొట్టాలి. అట్లాంటి చోట చిన్నాయన కుర్చీని ముందుకు తోయించుకుని వచ్చి, మైకు అందుకుని, ఒకసారి ఒళ్లెత్తి దించి, ఇంతే అన్నాడు: "నేను నడవలా. నడుస్తానని చెప్పను. ఈ వారం ఆరు రేడియోలు బాగుచేసినా. దేవునికి స్తోత్రం."

ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చర్చి మొత్తం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మా అవ్వ గొంతు ఒక్కటే వినబడింది, "ఆమేన్" అని. ఆ తరవాత అందరూ అన్నారు.

అవ్వ పేరెత్తితే గడప సంగతి చెప్పకుండా ఉండలేను. చిన్నాయన బాగాయం నుంచి దిగిన రోజు కుర్చీ మా ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. పాతకాలం ఇల్లు, జానెడు ఎత్తు వేపగడప. నలుగురం ఎత్తి లోపల పెట్టాం. రెండో రోజూ ఎత్తాం. మూడో రోజు చిన్నాయన బయటికి రానన్నాడు. గడప కోసేద్దామని మా నాన్న అంటే అవ్వ ఒప్పుకోలేదు. పసుపు రాయడం మానేసి మూడు తరాలైనా, గడప మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు, తుమ్మితే గడప దాటనిచ్చేది కాదు. ఇంటికి గడప లేకపోతే అది ఇల్లేనా అంది.

నాలుగో రోజు పొద్దున రంపం చప్పుడుకు మాకు మెలకువ వచ్చింది. అవ్వే వడ్రంగిని పిలిపించింది. దగ్గర నిలబడి, ఇంకా లోతుకు కొయ్యి, చక్రం తగలకూడదు అని పురమాయిస్తోంది. గడప తీసిన చోట నేలలో గాడి పడితే సిమెంటుతో పూడ్చారు. ఎర్రటి నేలలో ఆ తెల్లటి చార ఇప్పటికీ కనిపిస్తుంది. కోసిన చెక్క చాలా ఏళ్లు వసారాలో గోడవారన పడి ఉండేది. దాని మీద కూర్చోవద్దని మాత్రం మా అవ్వ చివరిదాకా మమ్మల్ని కసురుతూనే ఉంది.